బండిని ఎత్తే యంత్రం

ఒకానొక రాజ్యంలో బండ్లు బాగుచేసే నాంచారమ్మ ఉండేది. ఆమె బండి కిందకి దూరి ఇరుసు సరిచేస్తుంటే, దాన్ని భుజంతో ఎత్తిపట్టే మొగుడు ఆ ఏడే పోయాడు. ఎత్తేవాళ్లు లేక వచ్చిన బండ్లు వెనక్కి పోతున్నాయి. రాజుగారి రథశాలలో వాడిన ఎత్తుడు యంత్రం అమ్ముతున్నారని విని వెళ్లింది.

"ఏనుగునైనా మోస్తుంది!" అన్నాడు అధికారి భూపాలయ్య, మీసం దువ్వుతూ.

"ఒక్కసారి పరీక్షించి చూస్తానయ్యా."

"రాజుగారి వస్తువునే శంకిస్తావా? నోరు మూసుకుని పట్టుకుపో!"

నాంచారమ్మ అప్పటికప్పుడు ఒక ఆనవాయితీ పుట్టించింది. "తప్పయింది దొరా, పరీక్ష వద్దు. పనిముట్టు అమ్మినవారిని దాని కిందే కూర్చోబెట్టి తాంబూలం ఇవ్వడం మా ఇంటి పద్ధతి. తమ రథాన్ని పైకెత్తించి, కింద కూర్చోండి."

భటులంతా చూస్తున్నారు. భూపాలయ్య రథం ఎత్తించాడు. యంత్రం తాడు కిర్రుమంది. అతను కూర్చోలేదు.

"ఇది వద్దులే. లోపల గట్టిది ఉంది, అదే ధరకు తీసుకుపో," అని గొణిగాడు. దాని కింద మాత్రం కూర్చునే తాంబూలం అందుకున్నాడు.

మర్నాడు నాంచారమ్మ బండి ఎత్తి, కిందకి దూరింది. యంత్రం ఇసుమంతైనా కదల్లేదు.

"భుజం నొప్పెడుతోందా? ఇంకాసేపే," అంది అలవాటుగా.

ఆ మాటకు తానే ఉలిక్కిపడి, యంత్రాన్ని ఒకసారి చేత్తో తడిమి, మళ్లీ సుత్తి అందుకుంది.