లేవలేని మంత్రి

ఆటలాడితే చదువు ఒంటబట్టదని మంత్రి విరూపాక్షయ్య గట్టి నమ్మకం. అందుకే బడిపిల్లలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చోవాలనీ, చెడుగుడు ఆడితే బెత్తం దెబ్బలేననీ రాజ్యమంతా చాటింపు వేయించాడు.

ఒకరోజు మధ్యాహ్నం రాజుగారు ఒక ఊరి బడి చూడ్డానికి వస్తున్నారని తెలిసి, మంత్రి పొద్దున్నే అక్కడికి చేరాడు. బడి ఊడ్చే గవరమ్మ ఎదురెళ్ళింది.

"అయ్యగారూ, మా పిల్లలకి కదలకుండా కూర్చోవడం చేతకావట్లేదు. తమరు ఈ పూట కూర్చుని చూపిస్తే నేర్చుకుంటారు."

"అదెంత పని" అంటూ మంత్రి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకున్నాడు.

మధ్యాహ్నం రాజుగారు రానే వచ్చారు. పిల్లలు గోడలు పట్టుకుని ఎలాగో లేచారు. మంత్రికి మాత్రం కాళ్ళు లేవలేదు.

"మా ముందు కూర్చునే ఉంటావా? ఇంత పొగరా?" రాజు కళ్ళెర్రజేశాడు.

మంత్రి పిక్కలు పిసుక్కుంటున్నాడు. గవరమ్మే అందుకుంది.

"పొగరు కాదు ప్రభూ, తిమ్మిరి. ఆయన చాటింపు ప్రకారమే కూర్చున్నారు. ఆయనకి ఒక్క పూటే, మా పిల్లలకి రోజూ ఇంతే. రేపు తమ సైన్యంలో చేరేది వీళ్ళే. శత్రువు వచ్చినా కూర్చునే పలకరిస్తారు."

రాజు పకపకా నవ్వి అక్కడికక్కడే చెడుగుడు ఆడించమన్నాడు. మొదట కూతకు వెళ్ళింది మంత్రిగారే. తిరిగి గీత దాటి మాత్రం రాలేదు.