సుగంధుడి గోరువంకలు

అనగా అనగా... ఎప్పటి సంగతని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు. జంటకొండ అని ఒక ఊరు. సగం ఇళ్లు ఈ కొండ మీద, సగం ఇళ్లు ఆ కొండ మీద, నడుమ ఒక వాగు. ఇక్కడివాళ్లకి అక్కడివాళ్లతో పనిపడితే కొండ దిగాలి, వాగు దాటాలి, మళ్లీ కొండెక్కాలి. పొయ్యి మీద కూర పెట్టి, ఉప్పు అడిగొద్దామని అవతలికి వెళ్తే, తిరిగొచ్చేసరికి కూర మాడిపోయేది.

అలాంటి ఊరికి సుగంధుడనే వర్తకుడు వచ్చాడు. తలనూనెలు, అత్తరులు, పట్టుబట్టలు అమ్ముతాడు. ఈసారి మాటలు నేర్చిన గోరువంకల్ని కూడా తెచ్చాడు. చెవి దగ్గర ఒక మాట చెప్పి వదిలితే, ఆ పక్షి ఎగిరిపోయి అవతలి ఇంటి కిటికీలో వాలి అదే మాట చెబుతుంది. విన్నవాళ్లు గుప్పెడు కొర్రలు పెడతారు. జవాబుంటే చెప్పి పంపుతారు. పక్షి ఏమీ చెప్పకుండా తిరిగొస్తే "సరే" అని అర్థం. ఆ ఊళ్లో అది పద్ధతైపోయింది.

ధర చూస్తే చవక. ఇంటింటికీ ఒక పంజరం వేలాడింది. రాజుగారికైతే వెండి పంజరంతో సహా ఊరికే ఇచ్చాడు.

ఎర్రక్క కూడా ఒక గోరువంకని కొనుక్కుంది. ఆవిడకి ఉన్నది ఒక్క కూతురు చుక్కి. తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. మంత్రసాని పోలమ్మేమో అవతలి కొండ మీద ఉంటుంది. నొప్పులొస్తే ఎవర్ని పంపాలి, ఎలా పంపాలి అని ఎర్రక్కకి ఒకటే బెంగ. పక్షి ఇంటికొచ్చాక ఆ బెంగ తీరింది. కడుపునిండా అన్నం తిన్నది.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. తర్వాత ఒకనాటి ఉదయం ఊళ్లో గోరువంకలన్నీ ఒక్కసారే గొంతెత్తాయి. "కురులకు మేలు కస్తూరి నూనె, సుగంధుడి కొట్లో" అన్నాయి. పిల్లలు నవ్వారు. పెద్దలు కూడా, పోనీలే, పొద్దున్నే మంచివాసన మాటే కదా అనుకున్నారు.

ఆ తర్వాత ప్రతి మాటకూ ముందు ఈ పాట వచ్చిపడింది. "అత్తా, రేపు వస్తున్నాం" అని చెప్పి పంపితే, ముందు నూనె, ఆపైన అత్తరు, ఆపైన పట్టుచీర, వాటన్నిటి వెనకాల ఎక్కడో అత్త. అంతసేపు వినే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

అదీ చాల్లేదు ఆ మహానుభావుడికి. గోరువంకలు కబురు మోసి తిరిగొచ్చే దారిలో అతని కొట్టు చూరులో వాలి, ఇళ్లల్లో విన్న మాటలన్నీ అతనికి చెప్పేవి. మర్నాడు ఎర్రక్క పక్షి పక్కింటి కిటికీలో వాలి, "చుక్కికి కాళ్లు వాచాయట, తెప్పించుకోండి మా వాపుతైలం" అంది. వీధివీధంతా విన్నది. చుక్కి సిగ్గుతో గది దాటి బయటికి రాలేదు. ఎర్రక్కకి ఒళ్లు మండిపోయింది. ఆ నోరు నొక్కేద్దామనుకుంది గానీ, పోలమ్మకి కబురు పంపే దారి అదొక్కటే. పళ్లు బిగించుకుని ఊరుకుంది.

ఊరివాళ్లకి మాత్రం ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పక్షి "కురులకు" అనగానే కిటికీ మూసేయడం.

ఒకరోజు మధ్యాహ్నం చుక్కికి నొప్పులు మొదలయ్యాయి. "నొప్పులొచ్చాయి, వెంటనే రా పోలమ్మా" అని చెప్పి ఎర్రక్క గోరువంకని వదిలింది. అది అవతలి కిటికీలో వాలి "కురులకు మేలు" అని ఎత్తుకుంది. పోలమ్మ చేతిలో పనుంది. లేచి కిటికీ మూసేసింది. పక్షి ఏమీ చెప్పకుండా తిరిగొచ్చింది.

అంటే "సరే" అని కదా. ఎర్రక్క నీళ్లు కాచి, పాత చీరలు చింపి, గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. పోలమ్మ రాదే. కూతురి అరుపులు సన్నగిల్లుతున్నాయి. చివరికి పక్కింటామెని చుక్కి దగ్గర కూర్చోబెట్టి, తానే కొండ దిగి, మొలలోతు వాగు దాటి, పోలమ్మ తలుపు బాదింది.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. బిడ్డ నీలంగా పుట్టింది. ఏడవలేదు. పోలమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది, నోట్లో ఊపిరి ఊదింది. ఎంతసేపటికో ఒక చిన్న మూలుగు వినబడింది. ఎర్రక్క గోడకి జారగిలబడి భోరున ఏడ్చింది.

తెల్లారాక పంజరం పట్టుకుని రాజుగారి కొలువుకెళ్లింది. జరిగిందంతా చెప్పింది. రాజుగారికి ముందు అర్థం కాలేదు, ఎందుకంటే ఆయన పక్షికి పాట నేర్పలేదు సుగంధుడు. అంత తెలివి ఉంది మరి అతనికి. రాజుగారు అతన్ని పిలిపించారు.

"ప్రభూ, పక్షిని కారుచవకగా ఇచ్చాను" అన్నాడు సుగంధుడు. "బదులుగా దాని నోట నావి కూడా నాలుగు మాటలు పెట్టాను. నాలుగు మంచిమాటలు వింటే ఎవరి చెవులు అరిగిపోతాయి?"

"అరిగిపోవంటున్నాడు కదా ప్రభూ" అంది ఎర్రక్క. "మా గోరువంకలన్నిటినీ ఆయన ఇంట్లోనే పెడతాం. ఆయన చాలనేదాకా వినమనండి."

రాజుగారు "న్యాయంగానే ఉంది" అన్నారు.

ఆ సాయంత్రమే రెండు కొండలవాళ్లూ వరస కట్టి పంజరాలు మోసుకొచ్చారు. సుగంధుడి వసారా, పెరడు, వంటిల్లు, పడకగది, అన్నీ గోరువంకలే. మొదటిరోజు అతను మీసం దువ్వుకుంటూ తన సరుకు పొగడ్త తానే విన్నాడు. రెండోరోజు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మూడోరోజు ఆకలేసి భార్యని పిలిచి అన్నం పెట్టమనబోతే, నోటివెంట "కురులకు మేలు కస్తూరి నూనె" అని వచ్చింది. ఆవిడ విసురుగా వంటింటి తలుపు మూసుకుంది.

సుగంధుడు లేచి తిన్నగా ఎర్రక్క ఇంటికి నడిచాడు. ఆవిడ కాళ్లు చాపుకుని మనవరాలికి నీళ్లు పోస్తోంది. అతను గుమ్మం బయటే ఆగాడు.

"తల్లీ, ఒక్క మాట చెప్పుకోవాలి."

"దాని ముందు అమ్మేదేమైనా ఉందా?" అంది ఎర్రక్క తలెత్తకుండా.

"లేదు తల్లీ."

"దాని తర్వాత?"

"లేదు. తప్పు చేశాను. నీ మనవరాలి ప్రాణం మీదికి తెచ్చాను. పక్షులన్నిటికీ ఆ పాట మరిపిస్తాను. విన్నవి నాకు మోసే అలవాటూ మాన్పిస్తాను."

ఎర్రక్క బిడ్డ ఒళ్లు తుడిచి, బట్టలో చుట్టి, అతని వైపు తిప్పి చూపించింది. అతను బిడ్డకి చేతులు జోడించాడు.

"ఇప్పుడు విన్నాను, వెళ్లు" అంది.

అతను అన్నమాట నిలబెట్టుకున్నాడు, పాట మరిచాక పక్షుల్ని ఎవరివి వాళ్ల ఇళ్లకి పంపాడు. ఆ తర్వాత కొత్త గోరువంకల ధర కొంచెం పెంచాడు, ఊరివాళ్లు గొణగకుండా కొనుక్కున్నారు.

కాబట్టి పిల్లలూ, ఒకరి మాట మోసుకెళ్తానని వాళ్ల ఇంట్లో చోటు అడిగినవాడు, ఆ మాటనే మోయాలి. తన బేరం వీధిలో చూసుకోవాలి.