పుల్లబడిన పెద్ద బాన

చుట్టూ కొండలున్న ఒకానొక రాజ్యాన్ని జయకేసరి అనే రాజు ఏలేవాడు. ఆ కొండల మీద తెల్లద్రాక్ష విరగకాసేది. ఆ పళ్ళను తొక్కించి, రసాన్ని తొక్కలతో గింజలతో సహా పెద్ద పెద్ద మట్టిబానల్లో పోసి, బానల్ని మెడదాకా నేలలో పాతేవారు. పైన రాతిమూత పెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తేవారు. ఆ మూత మళ్ళీ తీసేది వసంతోత్సవం నాడే. ఈలోగా గాలి సోకిందా, మధువు కాస్తా చెడి పుల్లనీళ్ళవుతుంది. అందుకే రాజైనా సరే అప్పటిదాకా ఆగవలసిందే.

ఆగడమనేది జయకేసరికి చేతకాని విద్య. పైగా తన నాలుకంతటి నాలుక ముల్లోకాల్లో లేదని ఆయన నమ్మకం. పులుసు రుచి చూసి అందులోని చింతపండు ఏ చెట్టుదో చెప్పేస్తాననేవాడు. ఆయన ఏ చెట్టంటే ఆ చెట్టేనని వంటవాళ్ళు ఒప్పుకునేవారు. బతకాలి కదా!

ఆ ఏడు పుష్యమాసంలో, పనివాళ్ళు భోజనాలకు వెళ్ళిన వేళ చూసి, రాజు తన ఆస్థాన విదూషకుడు దామన్నను వెంటబెట్టుకుని బానల తోటకు వెళ్ళాడు. అన్నిటికన్నా పెద్ద బాన మూత తీయించి ఒక గిన్నెడు తాగాడు. అడుగున మిగిలింది దామన్నకిచ్చాడు. మట్టి తిరిగి మెత్తే పనీ దామన్నదే అయింది. మాఘంలో మళ్ళీ వెళ్ళారు. ఫాల్గుణంలోనూ రాజు మనసు ఊరుకోలేదు.

వసంతోత్సవానికి పొరుగు రాజు హేమాంగదుడు అతిథిగా వచ్చాడు. నిండు సభలో ఆ పెద్ద బాన మధువే పోశారు. అతిథి ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మర్యాదకు మింగాడు. జయకేసరి తాగి చూశాడు. నోట పెట్టలేనంత పులుపు!

రాజుకు తల కొట్టేసినట్టయింది. "బానలు కాసేదెవరు? పిలవండి!" అని అరిచాడు.

తల్లి తర్వాత ఆ బానల్ని చూసుకుంటున్న గౌరక్క వచ్చి నిలబడింది. "ఎవరో మూత తీశారు ప్రభూ. మట్టి మీద వేళ్ళ గుర్తులు నావి కావు," అంది.

"అయితే ఆ దొంగను రేపు సభలో చూపించు. చూపించలేకపోయావో, నీ తల ఉండదు," అన్నాడు రాజు, దామన్న వైపు చూడకుండా.

దామన్నకు నోరు పెగల్లేదు. నిజం చెబితే రాజును దొంగ అన్నట్టే. అతిథి ఎదుట ఆ మాటన్నవాడి తల నిలుస్తుందా? చెప్పకపోతే గౌరక్క తల పోతుంది. అందరూ దామన్నను చమత్కారి అంటారు గానీ, తన చమత్కారమంతా భయంలోంచి పుట్టేదేనని అతనొక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక, గౌరక్కను పెట్టిన చెరసాలకు వెళ్ళాడు. గౌరక్క అతన్ని చూసి, "ఫాల్గుణంలో మీ పంచెకు బంకమట్టి అంటి ఉంటే చూశాను దామన్నగారూ," అంది.

"మరి సభలో చెప్పలేదేం?"

"మీరు ఎవరి వెంట వచ్చి ఉంటారో నాకు తెలియదా? చెబితే మీ తలా పోతుంది, నా తలా పోతుంది."

దామన్న సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు సభ తీరింది. గౌరక్క సంకెళ్ళతో నిలబడింది. దామన్న లేచి, అతిథికి నమస్కరించాడు.

"మహారాజా, మమ్మల్ని మన్నించాలి. ఇందులో దొంగ లేడు, దొంగతనమూ లేదు. ఆ బానలోది మొదటినుంచీ అంతే. పుష్యమాసంలో తాగి చూసినా కుడితిలాగే ఉండేది."

"అయ్యో పాపం! మా వైపు కుడితి గేదెలకు పోస్తాం," అన్నాడు హేమాంగదుడు నవ్వాపుకుంటూ.

జయకేసరి మీసాలు అదిరాయి. దామన్న ఊరుకోలేదు. "దీన్ని గేదెలైనా ముట్టవు ప్రభూ. వాసన చూస్తే తడిసిన గోనెసంచి!"

"నోర్ముయ్!" రాజు సింహాసనం మీంచి లేచాడు. "కుడితా? గోనెసంచా? పుష్యమాసంలో మొగలిపొత్తు విప్పినంత వాసన! మాఘానికి పనసతొన తీపి దిగింది. ఫాల్గుణంలో, ఆహా, నాలుక చివర రవ్వంత వగరు! నా నాలుకకు తెలియదా?"

"మూత తీసేది వసంతోత్సవం నాడే అన్నారు కదా?" అని హేమాంగదుడు మెల్లిగా అడిగాడు.

రాజు మొహం కందగడ్డలా అయింది. చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. ఇప్పుడు మాట తడబడితే రెండు తలలు పోతాయి.

"నేను మొదటే మనవి చేశాను కదా ప్రభూ, ఇందులో దొంగ లేడని!" అన్నాడు గబగబా. "ద్రాక్ష తమది, బాన తమది, బానను పాతిన నేల తమది. తన ఇంటి ఉట్టి మీది వెన్న తానే తింటే అది దొంగతనమా? లేని దొంగను గౌరక్క ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది?"

రాజు పిడి మీంచి చెయ్యి తీసి, "ఆమె సంకెళ్ళు విప్పండి," అన్నాడు. అంతలోనే ఆయన కళ్ళు మెరిశాయి. "బాన నాది కాబట్టి నేను దొంగను కాను. బాగుంది. మరి గిన్నె అడుగున మిగిలింది తాగినవాడి సంగతేమిటి? బాన వాడిది కాదే!"

"వీడికి శిక్ష నువ్వే వెయ్యి గౌరక్కా," అన్నాడు రాజు.

గౌరక్క సంకెళ్ళు ఒరుసుకున్న మణికట్లు రుద్దుకుంటూ వెళ్ళి, ఆ పుల్లటి మధువునే ఒక ముంత నిండా తెచ్చి ఇచ్చింది. దామన్న గుక్క తిప్పుకోకుండా తాగాడు. పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"నిన్న నోరు మెదపనందుకు ఇంకొంచెం పొయ్యనా, దామన్నగారూ?" అని అడిగింది గౌరక్క.

"పొయ్యి తల్లీ, పొయ్యి," అన్నాడు దామన్న. మనస్ఫూర్తిగానే అన్నాడు.

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఇకపై తననైనా సరే బానల తోటలోంచి బయటికి పంపే అధికారం గౌరక్కకు ఇచ్చాడు. తన ముత్యాలహారం తీసి దామన్న మెడలో వేశాడు. దామన్న ముందు మెడ తడిమి చూసుకుని, ఆ తర్వాత ముంత గౌరక్క ముందుకు చాపాడు.