చదివేవాడి గొంతు

పొద్దు వాలేలోగా జవాబు రాసి తెమ్మన్నాడు రాజు. కొలువులో ఉత్తరాలు రాసే మాచనకు తెల్లారిన దగ్గర్నుంచీ భయంగానే ఉంది.

ఏటి అవతలి రాజ్యంవాళ్లు రేవులో పడవలన్నీ పట్టుకుపోయారు. రేవు ఇక తమదేనని లేఖ కూడా పంపారు. ఇప్పుడు ఇటునుంచి వెళ్లే మాట ఒక్కటి అటూ ఇటూ అయినా కత్తులు లేస్తాయి. మాచన చెల్లెలు పోలమ్మ కాపురం ఆ రేవు ఒడ్డునే. నెలలు నిండిన మనిషి.

రెండు లేఖలు రాసుకుని, చిన్ననాడు తనకు అక్షరాలు దిద్దించిన నిర్వాణయ్యగారి మఠానికి పరుగెత్తాడు. ఆయన అరుగుమీద కూర్చుని మధ్యాహ్నపు వంటకు గుమ్మడికాయ కోస్తున్నారు.

"ఒకటి గట్టిగా రాశాను, ఒకటి మెత్తగా. ఏది పంపమంటారు స్వామీ?"

"అక్కడ దీన్ని చదివేదెవరు?"

"నాలాగే ఉత్తరాలు రాసేవాడు. కొలువులో నిలబడి, రాజుకు వినపడేలా పైకి చదవాలి. అది ఆనవాయితీ."

"అయితే నేనే ఆ రాజుని. నిలబడి చదువు."

మాచనకు నవ్వొచ్చింది. గురువుగారు నవ్వలేదు. కత్తి ఒళ్లో పెట్టుకుని అతనికేసి చూశారు.

"'దొంగలకు పుట్టిన నీవు...'" అక్కడికి మాచన ఆగిపోయాడు.

"ఆగావేం? రాసేటప్పుడు బాగానే సాగిందిగా!"

"ఈ మాట రాజు మొహంమీద అంటే నా తల ఉంటుందా స్వామీ?"

"మరి అక్కడ చదివేవాడి తల?"

మాచన రెండోది విప్పాడు. "'రేవు మీదే, ఏలుకోండి. మా ఊళ్లు మీ దయ...'" ఈసారి గొంతు పూడుకుపోయింది. పోలమ్మ ఇంటి గడప కళ్లముందు మెదిలింది.

"శివశివా," అనుకుని గురువుగారు మళ్లీ కాయ అందుకున్నారు.

బయట, లేఖ కోసం కొలువునుంచి వచ్చిన వార్తాహరుడి గుర్రం గిట్టలతో నేల తవ్వుతోంది. మాచన ఆ రెంటినీ పక్కన పడేసి కొత్త తాటాకు తీశాడు. ఒక్కో వాక్యం గంటంతో గీయడం, లేచి నిలబడి పైకి చదవడం. గొంతు పట్టిన చోటల్లా కొట్టేశాడు. చివరికి నాలుగు ముక్కలు మిగిలాయి.

"రేవు మాది. మీ పశువులు దాటడానికి ఏనాడూ అడ్డు చెప్పలేదు, ఇకమీదటా చెప్పం. పడవలు తిరిగి పంపండి. కూర్చుని మాట్లాడుకుందాం."

తడబడకుండా చదివాడు. అయినా ఒళ్లంతా చెమట.

"దీనికీ ఒప్పుకోకపోతే స్వామీ? నాకింకా భయం పోలేదు."

"ఉండనీ నాయనా," అన్నారు గురువుగారు. "ఊళ్లు తగలబెట్టిన లేఖలన్నీ భయం లేనివాళ్లు రాసినవే."