ఆడపిల్లల కొమ్ముబూరలు

అడవి అంచున ఉన్న ఒక రాజ్యంలో బడికెళ్లే ఆడపిల్లల మెడలో కొమ్ముబూర ఉండేది. దారిలో ఎలుగుబంటి ఎదురైనా, మగవాడెవడైనా వెంటపడినా పిల్ల బూర ఊదేది. తల్లులు కర్రలతో పరుగెత్తేవారు.

"ఈ బూరలతో పాఠాలు చెడుతున్నాయి" అంటూ దివాను వీరమల్లు వాటన్నిటినీ కోటకు పట్టుకుపోయాడు.

మర్నాడు దివాను ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆకలితో మండిపడుతూ, వంటమనిషిని వెతుక్కుంటూ బడికి వెళ్తే, తల్లులందరూ అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు వరుసలో ఆయన వంటమనిషి సాలమ్మ.

"ఇక్కడేం పని మీకు?"

"బూరుంటే పిల్ల పిలుపు ఊరంతా వినపడేది దొరా. ఇప్పుడు ఉత్త గొంతే మిగిలింది. అది వినపడేంత దగ్గర్లో మేముండొద్దూ?"

"మరి నా భోజనం?"

"మా పిల్లల తర్వాత."

దివాను పళ్లు కొరుక్కుంటూ బూరలు తెప్పించి ఇచ్చాడు. "ఇక లే! వచ్చి వంట చెయ్యి."

సాలమ్మ కదల్లేదు.

"పంతులుగారు మాకూ అక్షరాలు మొదలుపెట్టారు దొరా. పాఠం చెడగొట్టకూడదని మీరే అన్నారుగా? బియ్యం కుండలో ఉన్నాయి. గంజి వార్చేటప్పుడు చెయ్యి కాల్చుకోకండి."