అంచు చూసే చూపు

కాత్యాయని నాలుకకు తొందర ఎక్కువ. అడిగేవాళ్ల ప్రశ్న పూర్తవకముందే జవాబు బయటపడేది.

ఆపరేషన్లలో తీసిన గడ్డలను మైక్రోస్కోపు కింద చూసి ఏ రకమో తేల్చే విభాగంలో ఆమె పీజీ చేస్తోంది. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమా గడ్డల్లో బోలెడు రకాలు. ఏది నెమ్మదైనది, ఏది తీసేసినా మళ్లీ తలెత్తే మొండిఘటం, అన్నీ ఆమెకు నోటికొచ్చు. తోటి పీజీలు పుస్తకం తెరవడం మానేసి ఆమెనే అడిగేవారు. అది ఆమెకు భలే ఇష్టంగా ఉండేది.

ఆ రోజు ఓబులేసు గడ్డ స్లైడు వచ్చింది. మగ్గం నేసే మనిషి. రిపోర్టు వస్తే ఇంటికి పోదామని వార్డులో ఎదురుచూస్తున్నాడు. పొద్దున ఆమె కనబడగానే, "నాకు కరెంటు పెట్టే పని లేదు గదా మేడమ్?" అని అడిగాడు. రేడియేషన్‌ను వార్డులో అందరూ అలాగే అంటారు.

కాత్యాయని స్లైడు చూసింది. ఊదారంగు కణాలు సుడులు తిరిగి ముగ్గేసినట్టున్నాయి. చకచకా రిపోర్టు రాసి గురువుగారు డాక్టర్ మస్తాన్‌వలీ ముందు పెట్టింది.

"సుడుల రకం సార్. అన్నిట్లోకీ సాధువు. ఓబులేసును ఇంటికి పంపేయొచ్చు."

ఆయన ఒకసారి చూసి తలూపారు. "పేరు సరిగ్గా చెప్పినావమ్మా. మరి దీని బుద్ధి?"

"పుస్తకంలో ఈ రకం..."

"పుస్తకంలోది కాదు. ఓబులేసుది."

ఆయన స్లైడును వేలితో మెల్లగా జరిపారు. సుడులు పక్కకు పోయాయి. గడ్డ ముగిసి, దానితోపాటు వచ్చిన పిసరంత మెదడు మొదలయ్యేచోట ఆపారు.

"టీ తాగొస్తా," అని లేచి వెళ్లిపోయారు.

కాత్యాయని మైక్రోస్కోపులోకి వంగింది. అక్కడ గీత గీసినట్టు హద్దు ఉండాలి. లేదు. పెద్దమనిషని పేరున్నవాడు పక్కింటి గోడ దూకినట్టు, గడ్డ మెదడులోకి చొరబడింది. ఇది మళ్లీ రావచ్చు. తన రిపోర్టు నమ్మి వెళ్తే ఓబులేసు మళ్లీ ఆసుపత్రి వైపు చూసేవాడు కాదు.

ఆయన తిరిగొచ్చేసరికి పాత రిపోర్టు చిరిగి బుట్టలో ఉంది. కొత్తది బల్లమీద ఉంది.

"క్షమించండి సార్."

"నాకెందుకమ్మా? వార్డుకు పోయి ఆయనతో మాట్లాడు."

వెళ్లింది. కరెంటు పెట్టాలో వద్దో పెద్ద డాక్టర్లు చూస్తారని, స్కానింగుకు మాత్రం తప్పకుండా వస్తుండాలని నిదానంగా చెప్పింది. ఓబులేసు తలకున్న కట్టును ఒకసారి తడుముకున్నాడు.

"ముందే కనుక్కున్నారు గదా, మంచిదే. వస్తాలే మేడమ్," అన్నాడు.

మర్నాడు ఇంకో స్లైడు వచ్చింది. కాత్యాయని చాలాసేపు తల ఎత్తలేదు.

"ఏం రకమమ్మా?" అన్నారు వలీగారు వెనకనుంచి.

"ఇంకా అంచు దగ్గరే ఉన్నాను సార్."

ఆయన తలుపు దగ్గరికి వెళ్లి, క్యాంటీన్ వైపు కేకేసి రెండు టీలు చెప్పారు.