హైమ ఇంట్లో వెలసిన ఆఫీసు

సింహాద్రి ఇంట్లో నలుగురు. నలుగురికీ ఎంత తెలివంటే, అదెక్కడ ఒలికిపోతుందోనని తుమ్మేటప్పుడు కూడా తల గట్టిగా పట్టుకుని తుమ్మేవారు.

"మన తెలివి పంచితే మండలం మొత్తానికి సరిపోయి, ఇంకా రెండు కుంచాలు మిగుల్తుందే," అనేవాడు సింహాద్రి.

"పంచకండి, మనకే చాలట్లేదు," అనేది భార్య గవరమ్మ.

ఆ ఇంటి కోడలు హైమకి ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం తగిలింది. మిక్సీలమ్మే కంపెనీ. కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిడితే ఓపిగ్గా విని జవాబు చెప్పాలి. మొదటిరోజు పరీక్ష. పైనున్న మేడం మెచ్చితే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ జీడిపప్పు ఫ్యాక్టరీయే. అక్కడ పిక్కల సొన తగిలి తగిలి హైమ అరచేతులు ఎంత బిరుసెక్కాయంటే, వాటితో కొబ్బరికాయ పీచు తీసేయొచ్చు. "దేవుడా, ఆ ఫ్యాక్టరీ గుమ్మం మళ్ళీ తొక్కించకు," అని మొక్కుకుంది.

ముందురోజే మేడం ఫోన్లో చెప్పింది. "చూడమ్మా, పనివేళలో అది ఇల్లన్న సంగతే మర్చిపో, ఆఫీసే అనుకో. మీవాళ్ళకీ చెప్పు. నేను లాప్‌టాప్ కెమెరాలో చూస్తుంటాను, నీ వెనక గోడ ఖాళీగా ఉండాలి. మొహం మీద వెలుతురు పడాలి. ఫోన్ చేసినవాళ్ళు ఏదడిగితే అది చేసిపెట్టు."

ఇంకేముంది! తెల్లారగానే హైమ ఇస్త్రీ చీర కట్టి, క్యారేజీ పట్టుకుని, పెరటి గుమ్మంలోంచి బయటపడింది. బస్సెక్కి పక్కూరు వెళ్ళి, ఇంకో బస్సెక్కి వెనక్కొచ్చి, వీధి గుమ్మం ముందు దిగింది. అక్కడ గవరమ్మ కర్ర పట్టుకుని పీటేసుకుని కూర్చుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే అత్తా, నీ కోడల్ని."

"అత్తలూ కోడళ్ళూ ఇళ్ళల్లో ఉంటారు. ఇది ఆఫీసు. పనేంటో చెప్పు."

"ఉద్యోగానికొచ్చానండీ."

"అలా చెప్పు మరి. లోపలికెళ్ళు. దారిలో మా కోడలు కనిపిస్తే పప్పు రుబ్బమన్నానని చెప్పు."

లోపల సింహాద్రి గోడ ఖాళీ చేస్తున్నాడు. దేవుడి పటాలు తీశాడు, క్యాలెండర్ తీశాడు, మేకులు పీకాడు. కిటికీ మాత్రం మిగిలింది. "కిటికీ ఉంటే గోడ ఖాళీ ఎలా అవుద్ది?" అని ఇటుకలు పేర్చి మూసేశాడు. అంతే, గదంతా చిమ్మచీకటి!

"వెలుతురో!" అని అరిచింది హైమ. మొగుడు తవిటినాయుడు ఇంటి పైకెక్కి ఒక పెంకు తీశాడు. మొహం మీద ఎండ పడింది. సూర్యుడు కాస్త జరిగాడు, ఇంకో పెంకు తీశాడు. మళ్ళీ జరిగాడు, మళ్ళీ తీశాడు. మధ్యాహ్నానికి సూర్యుడున్నాడు, పెంకులు లేవు.

మేడం కెమెరాలో తొంగిచూసింది. "నీ తలమీద కాకేంటమ్మా?"

"ఆఫీసు కదండీ, వచ్చేపోయేవాళ్ళుంటారు."

ఇంతలో ఒకాయన ఫోన్ చేశాడు. మిక్సీ పచ్చడంతా మొహాన చిమ్మిందట. "ముందు మీ కంపెనీ మూసెయ్యండి!"

"ఇప్పుడేనా అండీ? భోంచేశాక మూస్తే పర్లేదా?"

"ఇప్పుడే!"

ఏదడిగితే అది చెయ్యాలి కదా. అప్పట్నుంచి ఎవరు ఫోన్ చేసినా హైమ ఒకటే జవాబు. "కంపెనీ మూసేశామండీ. ఒక పెద్దమనిషి ముచ్చటపడి అడిగారు, కాదనలేకపోయాం."

అంతే! సాయంత్రానికి పట్నంలో కంపెనీ ముందు మిక్సీలు పట్టుకుని జనం బారులు తీరారు. ఆ వరస చివర పొరుగు రాష్ట్రంలో ఉందట! మేడం ఏడుపుగొంతుతో ఫోన్ చేసింది. "తల్లీ, నీకో దణ్ణం. రేపట్నుంచి నువ్వు ఆఫీసుకి రావద్దు. అస్సలు రావద్దు!"

హైమ ఫోన్ పెట్టేసింది. అరచేతులు చూసుకుంది. "మావయ్యా, అంటే ఉద్యోగం పోయినట్టా?"

సింహాద్రి తల పట్టుకుని ఆలోచించాడు. "పిచ్చిదానా! ఆఫీసుకి రావద్దంటే ఇంట్లోంచే చెయ్యమని! గెలిచేశావే!"

హైమ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. తవిటినాయుడు ఆ ఊపులోనే ఫ్యాక్టరీకి పరిగెత్తి, "మా ఆవిడ ఇంక రాదు!" అని అరిచొచ్చాడు.

అంతలో హైమకి అనుమానం వచ్చింది. "మావయ్యా, ఆఫీసంటే ఇదే కదా? రావద్దన్నాక కూడా ఇక్కడే ఉన్నామేంటి?"

నలుగురూ నిప్పు తొక్కినట్టు ఎగిరిపడ్డారు. చాపలు, చెంబులు, లాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని, కప్పులేని ఇంటికి తాళం వేసి, ఎదురింటి చిట్టెమ్మ గదిలోకి జొరబడ్డారు.

"ఏంటొదినా ఇది?" అంది చిట్టెమ్మ బిత్తరపోయి.

"కాస్త జరుగు చిట్టెమ్మా," అంది గవరమ్మ చాప పరుస్తూ. "రేపట్నుంచి మా కోడలు ఇంట్లోంచే పనిచెయ్యాలి. ఆ ఇల్లేదో నీదగ్గరే ఉంది కదా!"